స్కాట్లాండ్ డిస్టిలరీల నుంచి ఇంటికి ఏ విస్కీ తేవాలి? ఉన్నది 2 లీటర్లే, సలహా ఇవ్వండి

కూకట్‌పల్లి_కుర్రోడు
సెప్టెంబర్‌లో గ్లాస్గో వెళ్తున్నాం, నేనూ మా ఆవిడా. తమ్ముడు అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. ఎలాగూ వెళ్తున్నాం కాబట్టి రెండు మూడు డిస్టిలరీలు (విస్కీ కాచే చోట్లు) చూసి, వచ్చేటప్పుడు నాలుగు సీసాలు తెచ్చుకోవాలని ఆశ. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు. నెట్‌లో ఒకాయన మకాలన్ తప్ప ఇంకేదీ వద్దంటాడు, ఇంకొకాయన స్ప్రింగ్‌బ్యాంక్ దొరికితే ఆస్తులమ్మి అయినా కొనమంటాడు. నేను తాగినవల్లా గ్లెన్‌ఫిడిక్, గ్లెన్‌లివెట్, ఒకసారి టాలిస్కర్. ఇవన్నీ హైదరాబాద్‌లో దొరికేవే. అంత దూరం వెళ్లి, ఇక్కడ షాపులో దొరికే సీసానే మోసుకొస్తే ఏం లాభం? నాన్నకి ఒకటి, మామగారికి ఒకటి, మిగతావి నాకు. బడ్జెట్ 250 పౌండ్లు. కస్టమ్స్‌లో మనిషికి 2 లీటర్లే అంటున్నారు, దాని గురించి కూడా టెన్షన్‌గా ఉంది. తెచ్చిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఎయిర్‌పోర్ట్_రాజా
దీనికింత ఆలోచన దేనికి? తిరుగు ప్రయాణంలో డ్యూటీ ఫ్రీలో లీటర్ సీసాలు రెండు తీసుకో. 1+1=2, కస్టమ్స్ లెక్కకి సరిగ్గా సరిపోతుంది. సూట్‌కేసులో పగులుతుందన్న భయం కూడా ఉండదు.

క్లైడ్_ఒడ్డున
రాజా గారూ, విస్కీ కావాలంటే అది మంచి సలహానే. డిస్టిలరీ దాకా వెళ్లే మనిషికి మాత్రం కాదు. ఎయిర్‌పోర్టు కోసం ప్రత్యేకంగా చేసే సీసాలు చాలావాటి మీద వయసు ఉండదు, ఆల్కహాల్ 40 శాతానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. పెట్టె మాత్రం భలే మెరుస్తుంది. అవి ఎప్పుడు కావాలన్నా, ఎవరితో కావాలన్నా తెప్పించుకోవచ్చు.

డిస్టిలరీ షాపులో రెండు రకాలు చూడండి. ఒకటి, ఆ షాపు కోసమే నింపే సీసాలు. రెండోది చేత్తో నింపుకునేవి. షాపులోనో గోదాములోనో ఒక పీపా పెట్టి ఉంచుతారు. మన వంతు రాగానే ఖాళీ సీసా చేతికిస్తారు. పీపాలోంచి విస్కీ గాజు కొలపాత్రలోకి ఎక్కుతుంది, అక్కడి నుంచి సీసాలోకి దిగుతుంది. బిరడా మనమే కొడతాం. లేబుల్ మీద పీపా నంబరు, తేదీ, ఎంత శాతమో మన చేతిరాతతోనే రాయిస్తారు. తర్వాత పెద్ద రిజిస్టర్‌లో పేరు రాసి సంతకం పెట్టాలి. నీళ్లు కలపరు, రంగు కలపరు. ఆ పీపా అయిపోతే ఆ రుచి ఇక ప్రపంచంలో ఎక్కడా దొరకదు. ధర మామూలు సీసాకి రెట్టింపు ఉంటుంది, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. అయినా బడ్జెట్‌లో ఒక సీసాకి ఆ డబ్బు పక్కన పెట్టుకోండి. గ్లాస్గో నుంచి దగ్గరలో కావాలంటే డీన్‌స్టన్‌లో ఈ ఏర్పాటు ఉంది.

బెజవాడ_బాబాయ్
అందరూ సీసాల గురించి మాట్లాడుతున్నారు. ముందు తాగేవాళ్ల సంగతి తేల్చండి. బాబూ, మీ నాన్నగారు ఇప్పుడేం తాగుతారు? మామగారేం తాగుతారు?

కూకట్‌పల్లి_కుర్రోడు
నాన్న ఎప్పుడూ బ్లాక్ లేబులే, సోడాతో. పక్కన మిక్చర్ ఉండాలి. ఇంకో బ్రాండ్ ఇస్తే మర్యాదకి ఒక పెగ్గు తాగి బీరువాలో పెట్టేస్తారు. మామగారు ఏదిచ్చినా తాగుతారు గానీ, సీసా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి పేరు చదువుతారు. నలుగురికీ చూపిస్తారు కూడా.

బెజవాడ_బాబాయ్
అయితే మామగారి సంగతి తేలిపోయింది. మకాలన్ 12. మారుమాట లేదు.

పీట్_పిచ్చోడు
బాబాయ్, మకాలన్ మన డ్యూటీ ఫ్రీలోనే వరసగా పేర్చి ఉంటుంది. పేరుకే సగం డబ్బు పోతుంది. ఆ షెర్రీ (స్పెయిన్ వైన్) పీపా రుచే కదా కావాల్సింది, ఎండుద్రాక్ష, లవంగం, కాస్త నారింజ తొక్క? గ్లెన్‌ఫార్క్లస్ 15 తీసుకోమనండి. 46 శాతం, రంగు కలపరు, 1865 నుంచి ఒకే గ్రాంట్ కుటుంబం చేతిలో ఉంది. మకాలన్‌కీ దానికీ మధ్య కారులో ఎంతో దూరం కూడా లేదు, రెండూ స్పేసైడ్ ప్రాంతంవే.

బెజవాడ_బాబాయ్
నువ్వు చెప్పింది నిజమే కావచ్చు తమ్ముడూ. కానీ కానుక పుచ్చుకున్నవాళ్లు సంతోషపడాలి. ఆయన సీసా తిప్పి చదివితే తెలిసిన పేరు కనబడాలి. "అల్లుడు మకాలన్ తెచ్చాడు" అని పక్కింటాయనకి చెప్పుకోవడంలో ఉన్న ఆనందం నీ ఎండుద్రాక్షలో ఉండదు.

పీట్_పిచ్చోడు
"అల్లుడు స్వయంగా పీపాలోంచి నింపి తెచ్చాడు, ఇదిగో వాడి చేతిరాత" అని చెప్పుకుంటే? దాని ముందు మకాలన్ ఎంత?

బెజవాడ_బాబాయ్
అది మంచి మాట. ఒప్పుకుంటున్నాను.

అబర్డీన్_అక్క
బాబాయ్ గారు మొదట అడిగిన ప్రశ్నే అసలైంది. నేనిక్కడే ఉంటాను, ఊరెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరికి సీసా పట్టుకెళ్తుంటాను. ఐలా దీవి విస్కీలకి పొగ వాసన ఎక్కువ, తెలియనివాళ్లకి ఇచ్చేముందు ఆలోచించండి. రాజమండ్రిలో మా నాన్నగారికి ఆ దీవి లఫ్రోయిగ్ ఇస్తే వాసన చూసి, "ఏంటమ్మా, దెబ్బకి రాసే టింక్చరా?" అన్నారు. మా బాబాయ్ అదే గ్లాసు అందుకుని రెండోది అడిగారు. ఒకే ఇంట్లో అన్నదమ్ములే ఇలా ఉన్నారు. చిన్న సీసాలు, 5 సెంటీలీటర్లవి, ముందు ఇచ్చి చూడండి. నచ్చితే వచ్చే ఏడాది పెద్దది.

ఇంకోటి, ఎడిన్‌బరా వెళ్తే ప్రిన్సెస్ స్ట్రీట్‌లో జానీ వాకర్ వాళ్ల పెద్ద భవనం ఉంది, 2021లో తెరిచారు. అక్కడ సీసా మీద పేరు చెక్కించి ఇస్తారు. బ్లాక్ లేబుల్ తప్ప ముట్టని నాన్నగారికి, ఆయన పేరు చెక్కిన సీసా ఇచ్చి చూడండి.

పీట్_పిచ్చోడు
అక్కా, పొగ విస్కీలన్నీ లఫ్రోయిగ్ లాంటివే కావు కదా. మొలకెత్తిన బార్లీని పీట్ (చిత్తడి నేలల్లో తవ్వి ఎండబెట్టిన మట్టిగడ్డలు) మంట మీద ఆరబెడతారు, ఆ పొగ గింజకి పడుతుంది. ఎంతసేపు పట్టించారన్నదాన్ని బట్టే తేడా. బార్లీలో పొగని పీపీఎంలో, అంటే పది లక్షల భాగాల్లో ఎన్ని అని, లెక్కిస్తారు. బౌమోర్ 25 దగ్గర, లాగావులిన్, కాల్ ఈలా 35 దగ్గర, ఆర్డ్‌బెగ్ 55 దగ్గర. అదే దీవిలో బునహావెన్ చేసేవాటిలో ఎక్కువభాగానికి అసలు పొగే ఉండదు. బౌమోర్‌తో మొదలుపెడితే భోగిమంట దగ్గర కూర్చుని వచ్చాక చొక్కాకి పట్టిన వాసనలా సన్నగా తెలుస్తుంది, అంతే. ఎవరూ భయపడరు.

పైగా అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. వాళ్ల నాన్నగారు ఏళ్ల తరబడి తాగుతున్నది పొగ విస్కీయే! బ్లాక్ లేబుల్‌లో ఆ చివరన తగిలే పొగ ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు?

కూకట్‌పల్లి_కుర్రోడు
ఇది నాకు తెలియదు. ఎక్కణ్ణుంచి?

క్లైడ్_ఒడ్డున
చాలావరకు కాల్ ఈలా నుంచి. బ్లాక్ లేబుల్ ఎన్నో డిస్టిలరీల విస్కీల కలయిక. వాటిలో నాలుగింటిని జానీ వాకర్ వాళ్లు నాలుగు దిక్కుల ఇళ్లుగా చూపిస్తారు. ఐలాలో కాల్ ఈలా, స్పేసైడ్‌లో కార్డూ, ఉత్తరాన క్లైనలీష్, ఎడిన్‌బరా దగ్గర గ్లెన్‌కించీ. కార్డూని 1893లో ఎలిజబెత్ కమ్మింగ్ అనే ఆవిడ వాకర్ కుటుంబానికి అమ్మింది. అంతకుముందు ఏళ్లపాటు ఆవిడే నడిపింది.

నాన్నగారికి వీటిలో ఏదో ఒక డిస్టిలరీ సీసా ఇవ్వండి. "మీరు తాగే దాని లోపల ఉన్నది ఇదే నాన్నా" అని చెప్పి పోయండి. మర్యాదకి తాగే పెగ్గు కాదది, రెండోది కూడా అడుగుతారు. మీకు ఏది దారిలో పడితే అది. ఎడిన్‌బరా వెళ్తే గ్లెన్‌కించీ, ఐలా వెళ్తే కాల్ ఈలా. పొగ ఇష్టమో కాదో అన్న అక్క అనుమానం కూడా కాల్ ఈలాతో తీరిపోతుంది, ఆయనకి ఆ పొగ అలవాటే.

అబర్డీన్_అక్క
ఇది నా సలహా కన్నా బాగుంది.

మిక్చర్_పొట్లం
మరి కాల్ ఈలాలో సోడా పోయొచ్చా? ఇక్కడ పెద్దలు కొట్టరు కదా?

బెజవాడ_బాబాయ్
డబ్బు పెట్టినవాడి ఇష్టం. సోడా పోసుకో, మిక్చర్ తెచ్చుకో, నాకూ ఒకటి పొయ్యి.

పీట్_పిచ్చోడు
పోయొచ్చు, పొగ విస్కీ సోడాలో చాలా బాగుంటుంది. ఒకటే మాట, పీపా నుంచి నేరుగా నింపినవి 55, 60 శాతం ఉంటాయి. వాటిలో ముందు కాసిని నీళ్లు కలిపి వాసన చూడండి, తర్వాత సోడా సంగతి. మామూలు పెగ్గు కొలతతో పోస్తే ఒకటిన్నర పెగ్గులు తాగినట్టు అవుతుంది. పెద్దవాళ్లకి పోసేటప్పుడు ఇది మర్చిపోవద్దు.

లగేజీ_లెక్కలు
రుచుల సంగతి మీరు చూసుకోండి. కస్టమ్స్ మాట నేను చెప్తాను, సగం మందికి తప్పు తెలుసు.

ఇండియాలోకి సుంకం లేకుండా ఒక్కొక్కరికి 2 లీటర్లు. విస్కీ, వైన్, ఇంకే మద్యమైనా అన్నీ కలిపి. దిగాక శంషాబాద్ డ్యూటీ ఫ్రీలో కొన్నది కూడా ఈ 2 లీటర్లలోకే వస్తుంది. చాలామంది సూట్‌కేసులో 2, చేతిలో 2 పట్టుకుని దిగుతారు, అక్కడ దొరికిపోతారు. మీరిద్దరు కాబట్టి మీకు 4 లీటర్లు.

ఇక ఖరీదు. 2 లీటర్ల లోపు ఉంటే ఎంత ఖరీదైనా పర్వాలేదు అనుకుంటారు. కాదు. ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకునే సామాను విలువకి ఒక పరిమితి ఉంది. చాలాకాలం అది 50,000 రూపాయలు, ప్రభుత్వం మారుస్తుంటుంది, టికెట్ కొన్నాక ఒకసారి కస్టమ్స్ వాళ్ల సైటులో చూసుకోండి. సీసాల విలువ కూడా అందులోకే వస్తుంది. భార్యాభర్తలిద్దరి పరిమితీ కలిపి ఒకే ఖరీదైన సీసాకి వాడుకుంటామంటే కుదరదు, ఎవరిది వాళ్లదే. మీ 250 పౌండ్లకి ఇబ్బంది లేదు. బిల్లులు మాత్రం ఒక కవర్లో పెట్టి చేతి సంచిలో ఉంచుకోండి.

విమానం వాళ్ల నియమం వేరే. 24 నుంచి 70 శాతం మధ్య ఉన్న మద్యం చెక్-ఇన్ సామానులో మనిషికి 5 లీటర్ల దాకా, సీలు తీయకుండా అమ్మినప్పటి సీసాలోనే ఉండాలి. 70 దాటితే అసలు ఎక్కించరు. చేత్తో నింపుకున్న సీసాకి బిరడా మీద సీలు వేయమని షాపులోనే అడగండి, వేస్తారు.

ఇప్పుడు అసలు లెక్క. స్కాచ్ సీసా 70 సెంటీలీటర్లు. రెండు పెడితే 1.4 లీటర్లు, మూడు పెడితే 2.1, దాటిపోతుంది. మిగిలే 60 సెంటీలీటర్లని వృథా చేయకండి. 50 సెంటీలీటర్ల సీసాలు అమ్మే డిస్టిలరీలు ఉన్నాయి, 20వి కూడా దొరుకుతాయి. 70+70+50 అయితే 1.9. ఇంకా 10 మిగులుతుంది, అందులో అక్క చెప్పిన చిన్న సీసాలు రెండు.

ఎయిర్‌పోర్ట్_రాజా
నా 1+1=2 ఎంత హాయిగా ఉండేది!

కాకినాడ_కాజా
వ్యాట్ వెనక్కిస్తారు కదా? 20 శాతం అంటే తక్కువేం కాదు.

లగేజీ_లెక్కలు
ఇప్పుడు లేదు. పర్యాటకులకి వ్యాట్ వెనక్కిచ్చే పద్ధతిని బ్రిటన్ 2020 చివర్లో ఎత్తేసింది. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్ ఎక్కడ కొన్నా రాదు. డిస్టిలరీలో చూసే ధరలో మద్యం సుంకం, వ్యాట్ రెండూ కలిసే ఉంటాయి. అందుకే ఎక్కడైనా దొరికే సీసా డిస్టిలరీలో కొంటే ఎయిర్‌పోర్టు కన్నా ఎక్కువ పడుతుంది. ఇందులో రాజా గారిదే నిజం. డిస్టిలరీలో డిస్టిలరీదే కొనండి, మామూలు సీసాలు ఎయిర్‌పోర్టులో కొనండి.

పేపర్_చదువరి
ఇంకొన్నాళ్లు ఆగితే మోసుకురావాల్సిన పనే ఉండదేమో. 2025 జులైలో ఇండియా, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి. దాని ప్రకారం స్కాచ్ మీద దిగుమతి సుంకం 150 నుంచి 75 శాతానికి, పదేళ్లకి 40కి దిగుతుంది. ఇక్కడే చవగ్గా దొరుకుతుంది.

క్లైడ్_ఒడ్డున
సుంకం తగ్గడం మంచిదే. కానీ ఇక్కడి షాపు ధరలో దిగుమతి సుంకం ఒక భాగమే, రాష్ట్రం వేసే పన్నులు వేరే ఉంటాయి. సగానికి సగం పడిపోతుందని ఆశపడొద్దు. తగ్గినా ఏవి చవకవుతాయి? హైదరాబాద్ షాపుకి వచ్చేవే. పీపా పక్కన నింపే 50 సెంటీలీటర్ల సీసా అమీర్‌పేటకి ఏ ఒప్పందంతోనూ రాదు.

పెద్దరికం
నా మాట ఒకటి వినండి. అంత దూరం వెళ్లినప్పుడు 18 ఏళ్ల కన్నా చిన్నది ముట్టుకోవద్దు. 10, 12 ఏళ్లవి ఎక్కడైనా దొరుకుతాయి.

పీట్_పిచ్చోడు
దీనికి మాత్రం ఒప్పుకోను. చట్టం ప్రకారం ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్లు స్కాట్లాండ్‌లోనే ఉండాలి, 40 శాతం తగ్గకూడదు, అప్పుడే అది స్కాచ్. ఆపైన వయసు అంటే ఆ సీసాలో కలిపినవాటిలో అన్నిటికన్నా చిన్నదాని వయసు. బాగుంటుందని హామీ కాదు. పీపా మంచిదైతే 9 ఏళ్లకే అద్భుతంగా ఉంటుంది. నీరసమైన పీపాలో 20 ఏళ్లు ఉంచినా తడి చెక్క రుచే వస్తుంది. పొగ కోసం కొనేవాళ్లకైతే చిన్న వయసే మేలు, ఏళ్లు గడిచేకొద్దీ పొగ తగ్గిపోతుంది. 250 పౌండ్లలో 18 ఏళ్లది కొంటే పెద్ద భాగం ఆ ఒక్కదానికే పోతుంది.

పెద్దరికం
మామగారు సీసా మీద అంకె చూడరా?

పీట్_పిచ్చోడు
చూస్తారు. 58.4 అని అల్లుడి చేత్తో రాసిన అంకె కూడా చూస్తారు, అదేంటని అడుగుతారు. అక్కణ్ణుంచి ఆ సాయంత్రమంతా మాటలే.

బెంగళూరు_బ్యాచ్
వయసు గొడవకి మన ఊరే జవాబు. స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏడాదికి 2 శాతం ఆవిరైపోతే బెంగళూరులో 10, 12 శాతం పోతుంది. ఆ వేడికి విస్కీ అంత త్వరగా చెక్కలోంచి రంగూ రుచీ లాగేస్తుంది. మా ఊరి అమృత్ సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతోనే చేసిన విస్కీ) మీద వయసు వేయకపోవడానికి కారణం అదే. 2004లో దాన్ని మొదట విడుదల చేసింది ఎక్కడో తెలుసా? గ్లాస్గోలో! వెళ్తూ మీ తమ్ముడికి ఒక అమృత్ పట్టుకెళ్లండి. రాకపోకలు రెండు వైపులా ఉండాలి.

కూకట్‌పల్లి_కుర్రోడు
ఇది తప్పకుండా చేస్తాను. తమ్ముడికి చెప్పను, నేరుగా ఇస్తాను.

మా ఆవిడ ఈ చర్చంతా చదువుతోంది. ఆవిడ అడగమన్న ప్రశ్న: "నా 2 లీటర్లు కూడా మీ విస్కీకేనా?"

అబర్డీన్_అక్క
చాలా న్యాయమైన ప్రశ్న! ఆవిడ తాగేట్టయితే పిట్‌లోక్రీ దగ్గర ఎడ్రాడర్ డిస్టిలరీలో క్రీమ్ లిక్కర్ (మీగడ కలిపిన విస్కీ) దొరుకుతుంది, తియ్యగా చల్లగా ఐస్‌తో బాగుంటుంది. అది కూడా 2 లీటర్ల లెక్కలోకే వస్తుందని గుర్తుపెట్టుకోండి. తాగకపోతే ఆవిడ వాటా వాడుకున్నందుకు మీరు స్కాట్లాండ్ ఉన్ని శాలువా కొనిపెట్టాలి. ఇక్కడ నేను ఆవిడ పక్షం.

బెజవాడ_బాబాయ్
లీటరుకి ఒక శాలువా.

అబర్డీన్_అక్క
కారు నడిపేవాళ్ల కోసం ఒక ముక్క. స్కాట్లాండ్‌లో డ్రైవింగ్ పరిమితి ఇంగ్లండ్ కన్నా తక్కువ. 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములు, అక్కడ 80. 2014 డిసెంబర్ నుంచి ఇంతే. ఒక్క గ్లాసుతోనే దాటిపోవచ్చు, కాబట్టి నడిపే మనిషి అసలు ముట్టకూడదు. డిస్టిలరీలవాళ్లకి ఇది తెలుసు. "నేను డ్రైవర్ని" అని ముందే చెప్తే ఆ రుచి చూపే చుక్కలన్నీ చిన్న చిన్న సీసాల్లో పోసి, పేర్లు అంటించి ఇస్తారు. సాయంత్రం గదిలో కూర్చుని నిదానంగా రుచి చూడొచ్చు. గుంపులో నిలబడి గబగబా తాగిన దానికన్నా ఇదే నాకిష్టం, ఏది కొనాలో బాగా తెలుస్తుంది.

ఇంకో విషయం, స్కాట్లాండ్‌లో షాపుల్లో మద్యం పొద్దున 10కి ముందు, రాత్రి 10 తర్వాత అమ్మరు. పొద్దున్నే టూరుకి వెళ్లి సీసా కొనుక్కుని బయల్దేరదామంటే కుదరదు.

కాకినాడ_కాజా
ఇంతకీ ఏ డిస్టిలరీలు? ఆ దేశంలో నూటికి పైగా ఉన్నాయట.

క్లైడ్_ఒడ్డున
గ్లాస్గోలో బస కాబట్టి మొదట గ్లెన్‌గోయిన్. ఊరికి ఉత్తరాన, దగ్గరే. హైలాండ్, లోలాండ్ అనే రెండు విస్కీ ప్రాంతాల సరిహద్దు గీత అక్కడి రోడ్డు మీదుగానే పోతుంది. విస్కీ కాచేది హైలాండ్‌లో, రోడ్డు దాటి పీపాల్లో నిలవ ఉంచేది లోలాండ్‌లో. వీళ్లు బార్లీని వేడిగాలితోనే ఆరబెడతారు, పొగ అసలు ఉండదు. అక్కడ టీపాట్ డ్రామ్ (డ్రామ్ అంటే పెగ్గు) అని ఒక సీసా అమ్ముతారు. షెర్రీ పీపాల్లోంచి నీళ్లు కలపకుండా నింపింది. ఆ పేరు వెనక కథ ఉంది. 1970ల దాకా డిస్టిలరీ పనివాళ్లకి రోజుకి మూడుసార్లు విస్కీ పోసేవాళ్లు. అంత ఘాటు తట్టుకోలేని కుర్రాళ్లు తాగినట్టే నటించి, తమ వాటాని క్యాంటీన్ కిటికీలో ఉన్న రాగి టీపాట్‌లో ఒంపేసేవాళ్లు. ముసలివాళ్లు వచ్చి దాంట్లోంచి పోసుకునేవాళ్లు. మామగారికి ఇదే ఇవ్వండి. సీసా తిప్పి చదివితే పేరు దగ్గరే కథ మొదలవుతుంది.

రెండోది డీన్‌స్టన్, స్టిర్లింగ్ దాటాక. అది 18వ శతాబ్దపు నూలు మిల్లు, 1960ల్లో డిస్టిలరీగా మార్చారు. నది పక్కనే, కరెంటు కూడా ఆ నీటితోనే తీస్తారు. పూర్వం నేత సరుకు దాచిన, కమాను కప్పున్న గదిలో ఇప్పుడు పీపాలుంటాయి. ఈ రెండూ ఒకే రోజు చూడొచ్చు.

రెండు రోజులు చేతిలో ఉంటే మాత్రం ఐలా. కెన్నక్రేగ్ రేవు దాకా కారు, అక్కణ్ణుంచి ఓడలో రెండు గంటల పైన. ఓడలో కారుకి చోటు చాలా ముందే బుక్ చేసుకోవాలి. దీవిలో పోర్ట్ ఎలెన్ ఊరి నుంచి లఫ్రోయిగ్, లాగావులిన్, ఆర్డ్‌బెగ్ వరసగా సుమారు మూడు మైళ్లలోనే. నడవడానికి బాట వేశారు, కాబట్టి డ్రైవర్ గొడవ కూడా లేదు. బ్రూక్‌లాడీలో 50 సెంటీలీటర్ల సీసా పీపాలోంచి నింపుకోవచ్చు. లెక్కలు గారి 70+70+50కి సరిపోతుంది.

పీట్_పిచ్చోడు
క్యాంప్‌బెల్‌టౌన్‌ని వదిలేశారు! ఒకప్పుడు 30కి పైగా డిస్టిలరీలున్న ఊరది. దాదాపు అన్నీ మూతబడ్డా స్ప్రింగ్‌బ్యాంక్ నిలబడింది, 1828 నుంచి. ఇప్పటికీ తమకి కావాల్సిన బార్లీ మొత్తం నేల మీద పరిచి, పారలతో తిరగేసి మొలకెత్తిస్తారు. బయట వేలం ధరలకి అమ్మే సీసా వాళ్ల షాపులో మామూలు ధరకి దొరికే అవకాశం ఉంది.

క్లైడ్_ఒడ్డున
అవకాశం ఉంది, నిజమే. కానీ గ్లాస్గో నుంచి మూడున్నర గంటలు వెళ్లాలి, వెళ్లేసరికి అరలు ఖాళీగా ఉండొచ్చు, ఉన్నా మనిషికి ఒకటే ఇస్తారు. మొదటిసారి వెళ్లేవాళ్ల రోజుని దానికి పణంగా పెట్టమని చెప్పలేను. ఆ ఊరి మీద ప్రేమతో వెళ్లేవాళ్లకైతే సరే.

పీట్_పిచ్చోడు
ప్రేమ లేకుండా ఇక్కడ ఎవరున్నారు?

మిక్చర్_పొట్లం
ఎలా సర్దాలో కూడా చెప్పండి. మా బావమరిది సూట్‌కేసు తెరిస్తే పట్టుచీరలన్నీ విస్కీ వాసన.

లగేజీ_లెక్కలు
బిరడా సీసాలు పగలడం కన్నా కారడం ఎక్కువ. పైన సాగే టేపు చుట్టండి. సీసాని ముందు ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతికట్టండి, తర్వాత బబుల్ ర్యాప్, ఆపైన జీన్స్ ప్యాంటు కాళ్లలోకి దూర్చండి. సూట్‌కేసు మధ్యలో ఉండాలి, అంచులకి తగలకూడదు, రెండు సీసాలు ఒకదానికొకటి ఆనకూడదు. అట్టపెట్టె బరువు తప్ప రక్షణ ఇవ్వదు. కానుక సీసాదైతే మడిచి వేరేగా పెట్టండి. పట్టుచీరలు ఇంకో సూట్‌కేసులో.

డిస్టిలరీ సీసాలు చెక్-ఇన్‌లోనే పెట్టండి. దుబాయ్ మీదుగా వచ్చేవాళ్లు డ్యూటీ ఫ్రీ సీసా సీలు సంచిని ఇల్లు చేరేదాకా విప్పొద్దు. ముంబయిలోనో ఢిల్లీలోనో దిగి హైదరాబాద్‌కి ఇంకో విమానం ఎక్కేవాళ్లు, అక్కడ సామాను తీసుకుని మళ్లీ వేసేటప్పుడు చేతిలోని సీసాలు కూడా సూట్‌కేసులో పెట్టేయండి.

కూకట్‌పల్లి_కుర్రోడు
(అక్టోబర్)
వెళ్లొచ్చాం. ఇన్ని సలహాలిచ్చారు, ఏమైందో చెప్పకపోతే బాగుండదు.

గ్లెన్‌గోయిన్‌లో మామగారికి టీపాట్ డ్రామ్ తీసుకున్నాం. ఐలాలో నాన్నకి కాల్ ఈలా, డిస్టిలరీ షాపులో మాత్రమే అమ్మేది. ఆ డిస్టిలరీ ఎక్కడ ఉందనుకున్నారు? సముద్రం అంచున. కాచే గదికి గోడంత గాజు కిటికీ, అవతల జూరా దీవి కొండలు. రాగి పాత్రలు పని చేస్తుంటే ఆ వేడికి మొహం కాలుతోంది, కిటికీలోంచి చూస్తే నీళ్ల మీద సన్నటి వాన. నాకు బ్రూక్‌లాడీలో 50 సెంటీలీటర్ల సీసా. బిరడా నేను కొట్టాను, లేబుల్ మా ఆవిడ రాసింది, ఆవిడ దస్తూరీ బాగుంటుందని. శాలువా ఒకటి కొన్నాను, బాబాయ్ లెక్క ప్రకారం ఇంకొకటి బాకీ. బడ్జెట్ దాటింది. దాటినందుకు బాధ లేదు.

శంషాబాద్‌లో ఎక్స్‌రే దగ్గర ఆపి ఎన్ని సీసాలని అడిగారు. చెప్పాం, బిల్లులు చూపించాం, వెళ్లమన్నారు. రెండు నిమిషాల పని.

నాన్నకి క్లైడ్ గారు చెప్పిన మాట చెప్పే పోశాను. సోడా లేకుండా ఒక గుక్క తాగి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అలమరలోంచి బ్లాక్ లేబుల్ తెప్పించి, పక్కపక్కన రెండు గ్లాసులు పెట్టుకుని వాసన చూసి, "ఆ, ఉంది, ఉంది" అన్నారు. మామగారికి టీపాట్ కథ ఎంత నచ్చిందంటే నాకన్నా బాగా చెప్తున్నారు.

పీట్_పిచ్చోడు
"ఆ, ఉంది, ఉంది." ఈ మాట కోసమే ఇక్కడ ఇంత రాశాం.

అబర్డీన్_అక్క
అమృత్ సంగతి?

కూకట్‌పల్లి_కుర్రోడు
తమ్ముడు వాళ్ల ఆఫీసులో స్కాటిష్ స్నేహితుడికి పోశాడు. ఆయన సీసా ఫొటో తీసుకున్నాడు.

చివరగా ఒకటి. నా సీసాలో ఇంకా మూడు వంతులు ఉంది. వేసవిలో ఇక్కడి ఎండకి పాడవుతుందా? ఫ్రిజ్‌లో పెట్టాలా?

క్లైడ్_ఒడ్డున
ఫ్రిజ్ అక్కర్లేదు. వెలుతురు పడని అలమరలో, వంటింటికి దూరంగా, నిలబెట్టి ఉంచండి. వైన్ లాగా పడుకోబెడితే ఆ ఘాటుకి బిరడా తినేసుకుపోతుంది. సీసాలో ఉన్న విస్కీకి వయసు పెరగదు, సీలు తీయకపోతే ఏళ్లు ఉంటుంది. తీశాక మాత్రం పైన గాలి ఎక్కువైనకొద్దీ రుచి మెల్లగా మారుతుంది. సగం కిందికి దిగాక శుభ్రమైన చిన్న గాజు సీసాలోకి మార్చి, కొన్ని నెలల్లో తాగేయండి. ఖాళీ అయిన సీసా పారేయకండి, దాని మీద మీ ఆవిడ చేతిరాత ఉంది.